ఉట్నూరు చలిలో రాత్రికి రాత్రి తగ్గిన రేంజ్: బ్యాటరీ పాడైందా, మీటరు తడబడిందా?

పోచమ్మమైదాన్ వాసి
డిసెంబర్ 28, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఎలక్ట్రిక్ కారులో 30 యూనిట్ల బ్యాటరీ ఉంది. కొని రెండేళ్లు దాటింది. వరంగల్‌లో తిరగడానికి, అప్పుడప్పుడు హైదరాబాద్ వెళ్లి రావడానికి ఇంతవరకు ఏ లోటూ లేదు. మొన్న ఉట్నూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్లాం. కరీంనగర్‌లో మేం భోజనం చేస్తుండగా కారుకు చార్జింగ్ పెట్టాం. లక్సెట్టిపేట, జన్నారం మీదుగా చీకటి పడకముందే చేరుకున్నాం. దారిలో ఏ ఇబ్బందీ రాలేదు.

ఇంటికి చేరగానే 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించాం. రాత్రి పదిన్నరకు బోరు మోటారు వేయాలని బావ వైరు తీసేశాడు. అప్పటికి చార్జింగ్ 75 శాతం, మీటరులో రేంజ్ (ఇంకా వెళ్లగల దూరం) 150 కిలోమీటర్లు. కారు రాత్రంతా ఆరుబయట చింతచెట్టు కింద ఉంది. తెల్లవారుజామున ఐదున్నరకు చూస్తే అద్దాల మీంచి మంచు నీళ్లుగా కారుతోంది, బయట 8 డిగ్రీలు. 73 శాతం, 128 కిలోమీటర్లు అని చూపిస్తోంది! హీటర్ వేసుకుని పది కిలోమీటర్లు వెళ్లేసరికి అది 96కు పడిపోయింది. లక్సెట్టిపేట ఇంకా 65 కిలోమీటర్లు. అడవి దారి, పిల్లలు వెనక సీట్లో. హీటర్ కట్టేసి, అందరం శాలువాలు కప్పుకుని నడిపాం. తీరా లక్సెట్టిపేట చేరేసరికి 30 శాతం మిగిలే ఉంది, మీటరు 58 చూపిస్తోంది. అంటే భయపడిందంతా వృథా.

వెళ్లేటప్పుడు మధ్యాహ్నం ఇదే దూరానికి 38 శాతం ఖర్చయింది. వచ్చేటప్పుడు 43 అయింది. సర్వీసు సెంటర్‌లో అడిగితే, "చలికాలం కదండీ" అని ఒక్క మాటతో పంపేశారు. నా సందేహాలు రెండు. నిలబెట్టిన కారులో రాత్రికి రాత్రి 22 కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? పది కిలోమీటర్లు నడిపితే 32 ఎలా తగ్గాయి?

డీజిల్ దాదా
డిసెంబర్ 28, రాత్రి 9:31

శాలువా కప్పుకుని కారు నడిపారన్న మాట. నేను 2014లో కొన్న డీజిల్ బండిలో ఆదిలాబాద్ చలికి హీటర్ వేసుకుని బనియన్ మీద వెళ్తాను. ట్యాంకులో ఎన్ని లీటర్లు ఉన్నాయో అన్నే ఉంటాయి, రాత్రి మంచుకు తగ్గవు.

మంచిర్యాల మాస్టారు
డిసెంబర్ 28, రాత్రి 10:05

పోచమ్మమైదాన్ గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. మీరు చెప్పినదాన్ని బట్టి బ్యాటరీ పాడైన లక్షణం ఒక్కటీ లేదు.

బ్యాటరీ సెల్లు లోపల ఒక ద్రవం ఉంటుంది. లిథియం అయాన్లు దానిలోంచే ఒక వైపు నుంచి మరో వైపుకు వెళ్లాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది. డిసెంబరులో కొబ్బరినూనె సీసా తలకిందులు చేస్తే ఎలా మొరాయిస్తుందో మనకు తెలుసు కదా. సెల్లులోని ద్రవం మన చలికి గడ్డకట్టదు కానీ ప్రవాహం మందగిస్తుంది. దాంతో సెల్లు లోపలి నిరోధం పెరుగుతుంది. మోటారు కరెంటు లాగినప్పుడు కొంత శక్తి చక్రాల దాకా రాకుండా సెల్లులోనే వేడిగా మారిపోతుంది, వోల్టేజీ కూడా మామూలుకన్నా కిందికి దిగుతుంది. వోల్టేజీ ఒక గీత దాటి దిగకూడదు కాబట్టి, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ముందుజాగ్రత్తగా "ఇంతే వాడుకోగలం" అని లెక్క తగ్గించి చెబుతుంది. రాత్రి మీకు తగ్గిన 2 శాతం అదే. కరెంటు ఎక్కడికీ కారిపోలేదు. బ్యాటరీ వేడెక్కాక అందులో చాలా వరకు మళ్లీ లెక్కలోకి వస్తుంది.

డీజిల్ దాదా గారికి ఒక మాట. చలికి పెట్రోలు కార్ల మైలేజీ కూడా పడిపోతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల దగ్గర వచ్చే మైలేజీతో పోలిస్తే మైనస్ 7 దగ్గర పట్టణ ప్రయాణంలో దాదాపు 15 శాతం తగ్గుతుంది. మీ బండిలో ట్యాంకు ముల్లు ఆ సంగతి చెప్పదు, అంతే తేడా. ఇక మీకు హీటర్ ఉచితంగా వస్తున్నదంటే, మీరు పోసిన డీజిలులో సగానికి పైగా ఎలాగూ వేడిగా వృథా అవుతున్నందుకే.

డీజిల్ దాదా
డిసెంబర్ 28, రాత్రి 10:11

వృథా అయినా నా కాళ్లు వెచ్చగా ఉన్నాయి మాస్టారూ.

సబ్‌స్టేషన్ సారు
డిసెంబర్ 29, ఉదయం 6:48

రిటైరైన విద్యుత్ ఇంజినీరును. అంకెలు ఇచ్చి ప్రశ్న అడిగినవారంటే నాకు ప్రత్యేక అభిమానం. లెక్క వేద్దాం.

30 యూనిట్ల బ్యాటరీ అన్నారు. అందులో వాడుకోనిచ్చేది 28 అనుకుందాం. వెళ్లేటప్పుడు 38 శాతం అంటే 10.6 యూనిట్లు. 75 కిలోమీటర్ల దూరానికి యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చాయి. ఇది మంచి మైలేజీ. వచ్చేటప్పుడు 43 శాతం అంటే 12 యూనిట్లు. యూనిట్‌కు ఆరుంపావు. చలి మీ దగ్గర అదనంగా వసూలు చేసింది 1.4 యూనిట్లు. వరంగల్ ఇంట్లో అయితే ఆ కరెంటుకు అయ్యే ఖర్చు ఒక కప్పు టీ డబ్బులు కూడా కాదు. అయినా మీకు చెమటలు పట్టాయి. ఎందుకు?

మొదటి పది కిలోమీటర్లు చూడండి. ఈ కార్లలో క్యాబిన్‌ను వేడి చేసేది పీటీసీ హీటర్. ఇస్త్రీపెట్టె, గీజరు ఎలా పని చేస్తాయో ఇదీ అంతే, కరెంటును నేరుగా వేడిగా మారుస్తుంది. 8 డిగ్రీల్లో చల్లబడిన క్యాబిన్‌ను వెచ్చబరచడానికి మొదట్లో 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. తెల్లవారుజామున మంచులో పది కిలోమీటర్లకు పావుగంట పట్టిందనుకుంటే హీటర్ తిన్నది ముప్పావు యూనిట్. మోటారుకు ఒకటిన్నర యూనిట్ లోపు. మొత్తం 2.2. అంటే ఆ పావుగంటలో మీ మైలేజీ యూనిట్‌కు నాలుగున్నర కిలోమీటర్లు!

మీటరు ముఖ్యంగా చేసే పని ఒకటే. బ్యాటరీలో మిగిలిన యూనిట్లను, ఇటీవలి మైలేజీతో గుణించి చూపిస్తుంది. అప్పటికి మిగిలింది 18 యూనిట్లు. పూర్తిగా ఆ పది కిలోమీటర్లనే నమ్మితే 82 అని చూపించేది. అంతకుముందు మధ్యాహ్నం ప్రయాణాన్ని కూడా కొంత కలుపుకుంది కాబట్టి 96 దగ్గర ఆగింది. క్యాబిన్ ఒకసారి వేడెక్కాక, దాన్ని వెచ్చగా నిలిపి ఉంచడానికి ఒక కిలోవాట్, ఒకటిన్నర సరిపోతుంది. ఆ సంగతి మీటరుకు తెలియదు. మొదటి పావుగంట ఖర్చే దారి పొడవునా ఉంటుందని అది అనుకుంటుంది. మీరు హీటర్ కట్టేయకపోయినా హాయిగా లక్సెట్టిపేట చేరేవారు: మిగిలిన దారికి గంటన్నర వేసుకుని, గంటకు ఒకటిన్నర యూనిట్ చొప్పున ఇంకో రెండుంపావు యూనిట్లు పోయేవి. 30 శాతానికి బదులు 22 శాతంతో దిగేవారు. పిల్లలు వెచ్చగా పడుకునేవారు.

చిన్న ప్రయాణాలకే హీటర్ దెబ్బ ఎక్కువ. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేటకు వెళ్లి, అరగంట ఆగి, మళ్లీ బయలుదేరి, ఇలా ప్రతిసారీ చల్లబడిన క్యాబిన్‌ను మొదటి నుంచి వేడి చేస్తుంటే మైలేజీ ఘోరంగా కనిపిస్తుంది. అదే ఏకబిగిన హైదరాబాద్ వెళ్తే ఆ ఖర్చు 145 కిలోమీటర్ల మీద పరుచుకుపోయి తెలియనే తెలియదు.

మిగతా అర యూనిట్ పైచిలుకు ఎక్కడికి పోయిందో చెప్పి ముగిస్తాను. చల్లటి గాలి బరువెక్కువ. 35 డిగ్రీల గాలితో పోలిస్తే 10 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 9 శాతం ఎక్కువ. హైవే వేగంలో కారు శ్రమలో సగం గాలిని చీల్చడానికే పోతుంది కాబట్టి అక్కడ నాలుగు శాతం వరకు పోతుంది. రెండోది టైర్లు. ఎండలో 33 పీఎస్ఐ కొట్టించిన టైరు 10 డిగ్రీల ఉదయానికి 29కి దిగుతుంది. టైరు మెత్తబడితే దొర్లడానికి శ్రమ పెరుగుతుంది.

పోచమ్మమైదాన్ వాసి
డిసెంబర్ 29, ఉదయం 8:20

సారూ, చేతులెత్తి నమస్కారం. మా ఆవిడకు చదివి వినిపించాను. "అయితే హీటర్ కట్టేయకుండా ఉండాల్సింది" అని ఒకే మాట అంది. ఆ మాట ఈ ఏడాదంతా వినాల్సి ఉంటుంది.

టైర్లు నిజంగానే చూడలేదు. దసరా ముందు కొట్టించిన గాలి.

కాల్గరీలో హనుమకొండ
డిసెంబర్ 29, ఉదయం 10:02

మాది హనుమకొండ నక్కలగుట్ట, ఉండేది కెనడాలో. ఇవాళ ఇక్కడ మైనస్ 24. మీ 8 డిగ్రీలను ఇక్కడ వసంతకాలం అంటారు, పిల్లలు చొక్కాలతో తిరుగుతారు.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్లు 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించారు. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేయకుండా నడిపితే రేంజ్ సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేస్తే 41 శాతం. అంటే చలి బ్యాటరీకి చేసే నష్టం కన్నా మనల్ని వెచ్చగా ఉంచడానికయ్యే ఖర్చే రెండింతలకు పైగా ఎక్కువ. సబ్‌స్టేషన్ సారు చెప్పింది ఇక్కడి లెక్కకు కూడా అతుకుతుంది.

ఇక్కడ మేం చేసేది ఏమిటంటే, కారు ఇంకా చార్జర్‌కు తగిలించి ఉండగానే, బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు ఫోనులోంచి హీటర్ ఆన్ చేస్తాం. క్యాబిన్‌ను మొదట వేడి చేసే ఖర్చంతా గోడలోని కరెంటు భరిస్తుంది, బ్యాటరీ భరించదు. మీ కారులో కూడా ఫోను యాప్‌తో ఏసీ వేసే సదుపాయం ఉంటే ఇదే పని చేయండి. ఇంకొకటి, సీటు హీటర్లు. ఒక్కో సీటుకు వంద వాట్ల లోపే సరిపోతుంది. గాలినంతా వేడి చేసే బదులు మనిషినే వేడి చేయడం అన్నమాట. కొత్త కార్లలో పీటీసీ బదులు హీట్ పంపు వస్తోంది. అది కరెంటును వేడిగా మార్చదు, బయటి గాలిలో ఉన్న వేడినే లోపలికి తోడుతుంది. మన దగ్గరలాంటి చలిలో ఒక యూనిట్‌కు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మైనస్ ఇరవై దగ్గర మాత్రం దానికీ ఊపిరి ఆడదు.

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. చలి వల్ల పనికిరావు అనే వాదన అక్కడ ఎప్పుడో వీగిపోయింది. అలాగని ఇబ్బందే లేదనీ కాదు. 2024 జనవరిలో చికాగోలో గడ్డకట్టే చలి పడినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు మీరూ చూసి ఉంటారు. చల్లబడిన బ్యాటరీ చార్జింగ్‌ను నెమ్మదిగా తీసుకుంటుంది. ఒక్కో కారు రెట్టింపు సేపు ఆగితే వెనక వరుస పెరగక ఏం చేస్తుంది?

డీజిల్ దాదా
డిసెంబర్ 29, ఉదయం 10:40

ఉట్నూరులో నార్వే ప్రభుత్వం చార్జర్లు పెట్టలేదు తమ్ముడూ. అక్కడ ఊరూరా ఉంటాయి. ఇక్కడ జన్నారం దాటాక అడవి, ఆ తర్వాత అడవి. మీటరు 96 చూపిస్తే మనిషికి గుండె దడ వస్తుంది. ఆ దడకు ఎవరి దగ్గరా ఫార్ములా లేదు.

సబ్‌స్టేషన్ సారు
డిసెంబర్ 29, ఉదయం 11:15

దాదా గారి ఈ మాటలో మాత్రం న్యాయం ఉంది. మీటరు చూపించే అంకె అంచనా అని తెలియకుండా, అదేదో ట్యాంకులో కొలిచిన డీజిలు లాగా కంపెనీలు పెద్ద అక్షరాలతో చూపిస్తాయి. పక్కన చిన్నగా "గత మైలేజీ ప్రకారం" అని రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? కొనేటప్పుడు చెప్పే అంకె మరీ ఘోరం. 2020 జనవరిలో మొదటి నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు 30.2 యూనిట్ల బ్యాటరీకి ధ్రువీకరించిన రేంజ్ 312 కిలోమీటర్లు. యూనిట్‌కు పది కిలోమీటర్ల పైన. ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ లేకుండా, మెల్లటి వేగాల పరీక్షలో అది వస్తుంది. జాతీయ రహదారి మీద నలుగురితో, సామానుతో, 90 వేగంతో వెళ్లే సంసారి కారుకు రాదు. కొన్నవాడు ఇంటికి తెచ్చుకున్న మర్నాడే మోసపోయానని అనుకుంటాడు. అందుకే ఇప్పుడు కంపెనీలు వాస్తవ రేంజ్ అని వేరే అంకె కూడా చెబుతున్నాయి.

నిర్మల్ కొయ్యబొమ్మ
డిసెంబర్ 29, మధ్యాహ్నం 1:30

నేను ఉద్యోగరీత్యా నిర్మల్, ఆదిలాబాద్ మధ్య తరచూ ఎలక్ట్రిక్ కారులో తిరుగుతాను. ఇక్కడ ఎవరూ చెప్పని రెండు సంగతులు ఉన్నాయి.

మొదటిది బ్రేకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే కారు దానంతటదే నెమ్మదించి, ఆ శక్తిని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది కదా, దాన్నే రీజెన్ అంటారు. తెల్లవారుజామున బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు అది పూర్తిగా పని చేయదు. చల్లటి బ్యాటరీ ఒక్కసారిగా కరెంటు తీసుకోలేదు కాబట్టి కారే తగ్గించేస్తుంది. మధ్యాహ్నం కాలు తీస్తే ఆగే చోట, ఉదయం బండి జారుతూ ముందుకు పోతుంది. మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు ఇది తెలియకపోతే ప్రమాదం. బ్యాటరీ వంద శాతం నిండి ఉన్నా ఇంతే. ఘాట్ దిగేవాళ్లు ఆ ఉదయం మొదటి మలుపులోనే మామూలు బ్రేకును ఒకసారి తొక్కి చూసుకోవాలి.

రెండోది అద్దాలు. పొగమంచు రోజుల్లో లోపల నలుగురి ఊపిరికి ముందు అద్దం మసకబారుతుంది. హీటర్ కట్టేస్తే రేంజ్ మిగులుతుంది కానీ దారి కనిపించదు. అద్దం మీదికి గాలి తిప్పి, ఏసీ వేసి, కొద్దిగా వేడి పెడితే రెండు మూడు నిమిషాల్లో తేటపడుతుంది. ఏసీ తేమను లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. తేటపడ్డాక వెంటనే కట్టేయకుండా చిన్నగా నడవనివ్వాలి, లేకుంటే మళ్లీ కమ్ముకుంటుంది. నేరడిగొండ వైపు డిసెంబరు ఉదయాలు అద్దం తుడవకుండా నడిపే లారీలను చూస్తే నాకు రేంజ్ గుర్తుకు రాదు, దేవుడు గుర్తుకొస్తాడు.

పోచమ్మమైదాన్ గారూ, హీటర్ మానేసి శాలువా కప్పుకోవడం సరే, వెనక అద్దం ఎలా ఉందో చూశారా?

పోచమ్మమైదాన్ వాసి
డిసెంబర్ 29, మధ్యాహ్నం 2:04

అక్కా, మా అమ్మాయి చున్నీతో తుడుస్తూ కూర్చుంది. నిజం.

కాజీపేట సెల్లు
డిసెంబర్ 29, సాయంత్రం 6:22

పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే పని నాది. ఇక్కడ అందరూ శాతాన్ని దైవవాక్కు లాగా పట్టుకున్నారు. ఆ శాతం కూడా అంచనాయే!

మన దేశంలో అమ్ముడవుతున్న చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్లు ఉంటుంది. మంటల భయం తక్కువ, ఎక్కువ కాలం మన్నుతుంది, ధర తక్కువ. కానీ రెండు బలహీనతలు. చలికి మిగతా రకాల కన్నా ఎక్కువ బిగుసుకుంటుంది. రెండోది, 30 శాతం దగ్గరా 70 శాతం దగ్గరా దాని వోల్టేజీ ఇంచుమించు ఒకటే. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం బీఎంఎస్‌కు కష్టం. అందుకని లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు కూడికలు తీసివేతలు చేసుకుంటూ లెక్క రాసుకుంటుంది. రోజూ 40 నుంచి 80 మధ్యనే తిప్పుతుంటే ఆ చిట్టాలో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. వారానికో, రెండు వారాలకో ఒకసారి నెమ్మది చార్జింగ్‌తో వంద శాతం నింపి, నిండాక కాసేపు అలాగే ఉంచితే పైకొసన వోల్టేజీ స్పష్టంగా పెరుగుతుంది, అక్కడ లెక్క సరిచేసుకుంటుంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఈ మాట ఉంటుంది, ఎవరూ చదవరు.

దూరప్రయాణానికి ముందు రాత్రి ఇది చేసుకుంటే ఉదయం శాతం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. 75 దగ్గర వైరు పీకేసిన బ్యాటరీ మీద అంత నమ్మకం వద్దు.

చలిలో ఫాస్ట్ చార్జింగ్ ఎందుకు మందగిస్తుందో కూడా చెప్తాను. చల్లటి సెల్లులోకి బలవంతంగా కరెంటు ఎక్కిస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి దూరలేక, దాని పైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో చాలా వరకు మళ్లీ పనికి రాదు, ముదిరితే లోపల షార్టు అయ్యే ప్రమాదం. అందుకే బీఎంఎస్ కరెంటు తగ్గిస్తుంది. సున్నాకు దగ్గరపడితే చాలా తగ్గిస్తుంది. చార్జింగ్ స్టేషన్‌లో కుర్రాడి మీద అరవకండి, వాడి మిషను బాగానే ఉంది.

సింగరేణి మూడో షిఫ్టు
డిసెంబర్ 29, రాత్రి 11:50

గోదావరిఖని నుంచి. నాది ఎలక్ట్రిక్ స్కూటర్. రాత్రి షిఫ్టుకు పోయి ఉదయం వస్తాను. డిసెంబరులో రేంజ్ కొద్దిగా తగ్గినట్టు అనిపిస్తోంది. స్కూటర్‌కు హీటర్ లేదు కదా, మరి ఎందుకు?

కాజీపేట సెల్లు
డిసెంబర్ 30, ఉదయం 7:15

తమ్ముడూ, సెల్లు బిగుసుకోవడం, టైరు మెత్తబడటం, గాలి బరువు, ఈ మూడూ నీకూ ఉన్నాయి. చిన్న బ్యాటరీ కాబట్టి తొందరగా చల్లబడుతుంది. కారు బ్యాటరీ రెండు మూడు వందల కిలోలు ఉంటుంది, సాయంత్రం వేడి అర్ధరాత్రి దాకా పట్టి ఉంచుతుంది. నీది ఆ సరికి చల్లబడిపోతుంది. గని దగ్గర ఆరుబయట కాకుండా గోడ చాటున, షెడ్డులో పెట్టు. ఉదయం ఇంటికి రాగానే కాకుండా, నిద్ర లేచాక మధ్యాహ్నం చార్జింగ్ పెట్టు.

మంచిర్యాల మాస్టారు
డిసెంబర్ 30, ఉదయం 9:40

సబ్‌స్టేషన్ సారు లెక్కలో ఒక పేచీ పెట్టక తప్పదు. క్షమించాలి.

వెళ్లేటప్పుడు 38 శాతం, వచ్చేటప్పుడు 43 శాతం, తేడా అంతా చలిదే అన్నారు. కానీ రెండూ ఒకే దిక్కు ప్రయాణాలు కావు. లక్సెట్టిపేట గోదావరి ఒడ్డున పల్లంలో ఉంది. ఉట్నూరు మెరక. వెళ్లేటప్పుడు కారు ఎక్కుతూ పోయింది, వచ్చేటప్పుడు దిగుతూ వచ్చింది. మనుషులతో కలిపి 1,700 కిలోల కారు వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి దాదాపు అర యూనిట్ కావాలి. సాఫీగా దిగే దారిలో అది దాదాపుగా తిరిగి వస్తుంది. అంటే వచ్చేటప్పుడు 38 కన్నా తక్కువ ఖర్చు కావాల్సింది, 43 అయింది. చలి లాగింది 1.4 యూనిట్లు కాదు, అంతకన్నా ఎక్కువే. ప్రతి వంద మీటర్ల మెరకకు మీ లెక్కలో ఇంకో యూనిట్ కలపాలి.

సబ్‌స్టేషన్ సారు
డిసెంబర్ 30, ఉదయం 10:12

ఒప్పుకున్నాను. లెక్కల మాస్టారు ఉన్న చోట ఇంజినీరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అయితే ఆ అదనపు ఖర్చు హీటర్ ఖాతాలోకి రాదు, హీటర్‌ను పదో కిలోమీటరు దగ్గరే కట్టేశారు కదా. చల్లటి బ్యాటరీ, మెత్తటి టైర్లు, సరిగా పని చేయని రీజెన్, వీటి వాటా నేను అన్నదానికన్నా పెద్దది. దసరా ముందు కొట్టించిన గాలి అన్నారు. నా అనుమానం ఎక్కువగా టైర్ల మీదే.

నిజం తేలాలంటే అదే దారిలో, అదే దిక్కున, ఒకసారి ఉదయం, ఒకసారి మధ్యాహ్నం నడపాలి. కిలోమీటర్ల అంకె కాదు, శాతం రాసుకోవాలి.

ఒక పక్కమాట. ఇన్ని రోజులు చలి గురించి మాట్లాడుకుంటున్నాం, మన ఉత్తర తెలంగాణకు అసలు పరీక్ష మే నెల. రామగుండం, మంచిర్యాలల్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు క్యాబిన్‌కు ఏసీ, బ్యాటరీని చల్లబరచడానికి కూడా అదే ఏసీ. కెనడా మిత్రుడు చెప్పిన అదే పరీక్షలో 35 డిగ్రీల దగ్గర ఏసీతో రేంజ్ 17 శాతం తగ్గింది. మన 45 దగ్గర ఇంకా ఎక్కువే అవుతుంది. పైగా చలి తగ్గించిన రేంజ్ బ్యాటరీ వేడెక్కగానే తిరిగి వస్తుంది. ఎండ వల్ల సెల్లు ముదిరితే ఆ నష్టం శాశ్వతం. మే నెలలో వంద శాతం నింపి, ఎండలో రోజులకు రోజులు నిలబెట్టే మహానుభావులు మా కాలనీలోనే ఉన్నారు. చెబితే వినరు.

వేదిక నిర్వాహకులు
డిసెంబర్ 30, మధ్యాహ్నం 12:05

డీజిల్ బండి మంచిదా, ఎలక్ట్రిక్ మంచిదా అనే వాదనకు వేరే చర్చ ఉంది, ఇప్పటికే చాలా పొడవుగా సాగుతోంది. ఆ తరహా సందేశాలను ఇక్కడి నుంచి అక్కడికి మార్చాం. దాదా గారూ, మీ గ్రీసు, బనియను కబుర్లు కూడా అక్కడే ఉన్నాయి.

పోచమ్మమైదాన్ వాసి
జనవరి 20, రాత్రి 8:35

నాగోబా జాతరకు కేస్లాపూర్ వెళ్లి వచ్చాం, ఉట్నూరులోనే బస. అందరూ చెప్పినవి పాటించాను కాబట్టి ఫలితం రాయడం నా బాధ్యత.

బయలుదేరే ముందు ఉదయం, టైర్లు చల్లగా ఉండగానే గాలి కొట్టించాను. 26 ఉంది! 33 చేయించాను. ఉట్నూరులో ఈసారి బావ వైరు తీయకుండా, బోరు మోటారుకు వేరే సాకెట్ వేయించాడు. కొత్త సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా లేక చార్జర్ ఎర్ర లైటు చూపించి మొరాయించింది. ఎలక్ట్రీషియన్ వచ్చి, గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ రాడ్ పాతి వెళ్లాక గానీ ఎక్కలేదు. చార్జింగ్ తెల్లవారుజామున నాలుగున్నరకు పూర్తయ్యేలా సమయం పెట్టాను. అప్పటిదాకా చార్జింగ్ నడుస్తూ ఉండటంతో బ్యాటరీ మరీ చల్లబడలేదు. ఐదింటికి వైరు ఉండగానే ఫోనులోంచి హీటర్ వేశాను. ఐదున్నరకు బయలుదేరాం, బయట 9 డిగ్రీలు.

హీటర్ దారి పొడవునా సన్నగా నడిచింది. అద్దాలు తేటగా ఉన్నాయి. మీటరు బయలుదేరినప్పుడు 186 అంది, జన్నారం దగ్గర ఖర్చయినదానికన్నా తక్కువే తగ్గించింది, ఒక చోటయితే కిలోమీటర్లు పెరిగాయి కూడా. లక్సెట్టిపేటకు ఖర్చయింది 41 శాతం, హీటర్‌తో కలిపి. పోయినసారి దాదాపు మొత్తం హీటర్ లేకుండా 43. వంద శాతం నిండి ఉండటంతో రీజెన్ మొదటి ఊళ్లో అసలు లేదు, నిర్మల్ అక్క ముందే చెప్పబట్టి ఉలిక్కిపడలేదు.

వెనక సీట్లో పిల్లలు లక్సెట్టిపేట దాకా లేవలేదు. ఇంట్లో మాత్రం పాత మాట ఇంకా నడుస్తోంది.

కాల్గరీలో హనుమకొండ
జనవరి 20, రాత్రి 11:10

26 పీఎస్ఐ! అన్నా, అసలు దొంగ దొరికాడు.

మంచిర్యాల మాస్టారు
జనవరి 21, ఉదయం 7:02

సగం దొంగే. బ్యాటరీ వేడి, టైర్లు, ముందుగా వేడి చేసిన క్యాబిన్, మూడూ ఒకేసారి మార్చారు కాబట్టి ఎవరి వాటా ఎంతో తేల్చలేం. అయినా సంసారం నడిపేవాడికి ఇంతకన్నా జాగ్రత్తగా ప్రయోగాలు చేయడం కుదరదు.

సబ్‌స్టేషన్ సారు
జనవరి 21, ఉదయం 7:30

పోచమ్మమైదాన్ గారూ, ఇదే టైరు గాలితో మే నెలలో మిట్టమధ్యాహ్నం ఉట్నూరు నుంచి లక్సెట్టిపేటకు, ఏసీ వేసుకుని ఒకసారి రండి. ఖర్చయిన శాతం ఇక్కడే రాయండి. 41తో పోల్చి చూద్దాం. నా పందెం ఎండ మీద.

డీజిల్ దాదా
జనవరి 21, ఉదయం 7:44

నిర్వాహకులు తిట్టినా సరే, ఆ పందెంలో నేనూ సారు వైపే.